పల్లెల్లో వైకల్యం 2.24 శాతం, పట్నాల్లో 2.17. తేడా ఇంతేనా?

పల్నాటి_కుర్రోడు

అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టుకి "వైకల్యం: పల్లె, పట్నం" అనే టాపిక్ తీసుకుని ఇరుక్కుపోయాను.

2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. వాళ్లలో పల్లెల్లో ఉన్నవాళ్లు 1.86 కోట్లు, పట్నాల్లో ఉన్నవాళ్లు దాదాపు 82 లక్షలు. సంఖ్య చూస్తే పల్లెల్లోనే ఎక్కువ. కానీ శాతం తీస్తే పల్లెల్లో 2.24, పట్నాల్లో 2.17. ఇదేం తేడా అండీ?

నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు. మా ఊళ్లో మా బజారు ఒక్కదాంట్లోనే పోలియోతో కాలు ఈడ్చే బాబాయి ఉన్నాడు, గట్టిగా అరిస్తే తప్ప వినపడని పెద్దత్త ఉంది, నూర్పిడి మిషన్‌లో వేళ్లు పోగొట్టుకున్న మా మేనమామ ఉన్నాడు. హైదరాబాద్‌లో నేను అద్దెకుండే అపార్ట్‌మెంట్‌లో వందకు పైగా ఫ్లాట్లు. లిఫ్టులో గానీ, కింద పార్కింగ్‌లో గానీ అలాంటి మనిషి ఒక్కరు కనపడలేదు. మరి లెక్కలో తేడా ఎందుకు లేదు?

మా గైడ్ గారు "పేదరికం, వైద్యం అందకపోవడం అని రెండు పేజీలు రాసెయ్" అన్నారు. తేడానే లేనప్పుడు కారణాలు ఎలా రాయను?

---

గణాంకాల_గోపి

మంచి ప్రశ్న. ఒక్క 2011 దగ్గరే ఆగకు తమ్ముడూ, పక్కన ఇంకో మూడు లెక్కలు పెట్టుకో.

2001 జనగణనలో పల్లె 2.21, పట్నం 1.93. 2002 నేషనల్ శాంపిల్ సర్వేలో పల్లె 1.85, పట్నం 1.50. 2018లో అదే శాంపిల్ సర్వే 76వ రౌండ్‌లో పల్లె 2.3, పట్నం 2.0. ఎవరు లెక్కపెట్టినా పల్లెలదే పైచేయి. 2011లో మాత్రం తేడా దాదాపు మాయమైంది.

ఎందుకు మాయమైందో చూడు. 2001 నుంచి 2011 లోపు పల్లెల్లో వికలాంగుల సంఖ్య 13.7 శాతం పెరిగింది. అదే కాలంలో పల్లె జనాభా 12 శాతం పైచిలుకు పెరిగింది కాబట్టి రెండూ పక్కపక్కనే నడిచాయి. పట్నాల్లో జనాభా దాదాపు 32 శాతం పెరిగితే వికలాంగులు 48.2 శాతం పెరిగారు. కాబట్టి నీ ప్రాజెక్టుకి అసలు ప్రశ్న "పల్లెల్లో ఎందుకు ఎక్కువ" అని కాదు, "పదేళ్లలో పట్నాల్లో అంత ఎందుకు పెరిగింది" అని.

దానికి జవాబు వెతికే ముందు ఇంకోటి చూడు. 2001లో చూపు వైకల్యం కింద లెక్కకొచ్చినవాళ్లు 1.06 కోట్లు. 2011లో 50 లక్షలు. వినికిడి కింద 2001లో 12.6 లక్షలు, 2011లో 50.7 లక్షలు. పదేళ్లలో సగం మందికి చూపొచ్చి, నాలుగింతల మందికి చెవుడు వచ్చిందా? లేదు కదా. ఒంటి కన్ను ఉన్నవాళ్లని 2001లో లెక్కలో వేసుకున్నారు, 2011లో తీసేశారు. వినికిడి మిషన్ పెట్టుకునేవాళ్లని 2001లో వదిలేశారు, 2011లో కలిపారు. నిర్వచనం మారితే లక్షల మంది ఇటు వాళ్లు అటు అయిపోతారు. అలాంటి కొలబద్దతో పల్లెకీ పట్నానికీ మధ్య 0.07 తేడా కొలుస్తున్నాం. నేనైతే ఆ రెండో దశాంశం మీద ఒక్క వాక్యం కూడా రాయను.

---

రిటైర్డ్_మాస్టారు

2011లో నేను ఎన్యూమరేటర్‌ని, అంటే జనగణనకి ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునేవాణ్ణి. మా స్కూలు టీచర్లందరికీ డ్యూటీ పడింది. నాకు ఒక మున్సిపాలిటీలో సగం వార్డు, పక్కనున్న పంచాయతీలో ఒక బ్లాకు ఇచ్చారు. కాబట్టి ఈ తేడా సంగతి నేను గుమ్మాల దగ్గర నిలబడి చూశాను.

ఫారంలో తొమ్మిదో ప్రశ్న అది. మనిషికి శారీరకంగా గానీ మానసికంగా గానీ వైకల్యం ఉందా లేదా, ఉంటే ఏ రకం. అంతే. పల్లెలో ఆ ప్రశ్న అడిగితే ఇంటావిడ "లేదండీ" అనేలోపు పక్కింటి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి అందుకునేవాడు: "అదేంటమ్మా, మీ అత్తకి కళ్లు కనపడవుగా, రాయించు". ఆవిడ నవ్వేసి "అవునండీ, ముసలావిడ కదాని చెప్పలేదు" అనేది. అలా ఊరంతా కలిసి ఫారం నింపించేది. నేనడగని వాటికి కూడా జవాబులొచ్చేవి.

పట్నంలో గ్రిల్ తలుపు వెనక నుంచి మాట్లాడేవాళ్లు. ఎంతమంది, ఏం చదివారు, ఏం చేస్తారు అన్నంతవరకు బాగానే చెప్పేవాళ్లు. ఈ ప్రశ్న రాగానే "మా ఇంట్లో అలాంటివాళ్లెవరూ లేరండీ" అని గబుక్కున అనేసేవాళ్లు. ఒక ఇంట్లో ఆమె అలా అంటూండగానే లోపలి గదిలో ఎవరో పెద్ద పిల్లాడు ఒకటే శబ్దం పదే పదే చేస్తున్నాడు. ఆమె ముఖం చూశాను. మళ్లీ అడగలేదు. ఆమె చెప్పిందే రాసుకున్నాను. నిబంధన కూడా అదే.

పెళ్లికావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో పల్లె, పట్నం తేడా లేదు. రెండు చోట్లా దాచేవాళ్లే.

---

కఠిన_నిజాలు

అందరూ దాచేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు, లేనిది ఉందని చెప్పేవాళ్ల సంగతేంటి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో 13.65 లక్షలు, 2011లో 22.66 లక్షలు. మూడింట రెండు వంతులు పెరిగారు. ఆ పదేళ్లలో ఏమొచ్చింది? పెన్షన్. ముసలివాళ్లకి 200, వికలాంగులకి 500. పల్లెల్లో శాతం ఎక్కువ ఉండటానికి అదొక్కటి చాలు. మా మండలంలో చక్కగా బైకు నడిపేవాళ్లకి కూడా సర్టిఫికెట్ ఉంది.

---

గణాంకాల_గోపి

@కఠిన_నిజాలు పెన్షన్ వాదన బాగానే ఉంటుంది గానీ పక్క రాష్ట్రం దాటదు. తమిళనాడులోనూ పెన్షన్ ఉంది. అక్కడ 2001లో 16.42 లక్షలున్నవాళ్లు 2011లో 11.79 లక్షలకి తగ్గారు. అక్కడ 2001లో లెక్కలో చూపు వాటా చాలా పెద్దది, నిర్వచనం మారగానే పడిపోయింది. మన దగ్గర పెరగడంలో కొంత పెన్షన్ ఆశ ఉండొచ్చు, కాదనను. కానీ జనగణనలో చెప్పిన జవాబుకీ పెన్షన్‌కీ సంబంధం లేదు. 1948 చట్టం ప్రకారం ఆ వివరం ఏ ఆఫీసుకీ ఇవ్వరు. పెన్షన్ కావాలంటే సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు పరీక్షించి ఇచ్చేది) కావాలి, అది వేరే దారి.

---

రిటైర్డ్_మాస్టారు

సంబంధం లేదని మీకూ నాకూ తెలుసు గోపీ, చెప్పేవాళ్లకి తెలియదు. "ఏమన్నా వస్తదా సారూ" అని అడిగినవాళ్లు చాలామంది. రాదని చెప్పినా నమ్మేవాళ్లు కాదు. అయితే అలా అడిగినవాళ్లలో నిజంగా ఇబ్బంది లేనివాళ్లు నాకు తగల్లేదు. ఆశ ఉన్నచోట ఉన్నది ఉన్నట్టు చెప్పారు, ఆశ లేనిచోట ఉన్నది కూడా దాచారు. నేను చూసింది అంతే.

---

మర్రిగూడ_స్వరూప

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు దాన్ని. మీ శాతాలు చదువుతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది.

ఆమె మెడ తిరగదు. పక్కన ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. చాయ్ తాగాలంటే తల వెనక్కి వంచలేదు, అందుకే స్టీలు గిన్నెలో పోసుకుని ముందుకు వంగి తాగుతది. మోకాళ్లు మడవలేక కింద కూర్చోవడం ఎప్పుడో మానేసింది. ఇవన్నీ ఫ్లోరైడ్ నీళ్లతోనే. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదంటరు. మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండె.

మా ఇంటికి జనాభా లెక్కలకు వచ్చినప్పుడు మా బాపు ఏమని రాయించిండో తెలుసా? "వైకల్యం లేదు" అని. ఎందుకంటే మా వాడలో నడుం వంగిన ముసలివాళ్లు అందరిండ్లల్లో ఉన్నరు. అందరికీ ఉన్నదాన్ని రోగం అనుకుంటరు గానీ వైకల్యం అని ఎవరనుకుంటరు? మాస్టారు చెప్పినట్టు అరుగు మీది పెద్దమనిషి గుర్తుచేయాలంటే ఆయనకు వేరే కనపడాలి కదా. ఆయన నడుమే వంగి ఉన్నది.

ఇది మా ఒక్క దిక్కే కాదు. ఈ జబ్బును మన దేశంలో మొట్టమొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తుపట్టిన్రు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఇప్పటికీ ఆ బాధ ఉంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినంక మా పిల్లల పళ్లు తెల్లగనే ఉన్నయి. కానీ పెద్దోళ్ల ఎముకలు నీళ్లు మారితే సక్కగ కావు కదా.

ఇంకోటి. గీత పని చేసేవాళ్లు మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడితే నడుము విరుగుతది. ప్రాణం దక్కితే మంచానికే. 2024 నుంచి కాటమయ్య రక్షణ కవచం అని, చెట్టెక్కేటోళ్లు పడకుండ కిట్లు ఇస్తున్నరు గానీ అంతకుముందు పడ్డవాళ్లు ఊరూరా ఉన్నరు. పట్నంల ఈ లెక్క ఉండదు. పల్లె, పట్నం అని రెండే డబ్బాలు పెడితే మా మర్రిగూడ, గోదావరి పక్క ఊరు ఒకటే అయితయి. ఎట్ల ఒకటైతయి?

---

పల్నాటి_కుర్రోడు

అక్కా, మీరు రాసింది చదివాక పెన్ను కింద పెట్టేశాను. మీరొప్పుకుంటే పేరు లేకుండా ప్రాజెక్టులో వాడుకోవచ్చా?

---

మర్రిగూడ_స్వరూప

వాడుకో తమ్మీ. ఊరి పేరు మాత్రం ఉంచు.

---

డాలస్_సుబ్బు

ఇక్కడ అమెరికాలో కూడా ఇదే తంతు. 2021 సర్వేలో పల్లె ప్రాంతాల్లో 14.7 శాతం, పట్టణాల్లో 12.6 శాతం. ఇక్కడ పల్లెల్లో ముసలివాళ్లు ఎక్కువ, కుర్రాళ్లు చదువులకీ ఉద్యోగాలకీ సిటీకి పోతారు. గనుల్లో, పొలాల్లో, కలప పనుల్లో దెబ్బలు తగిలినవాళ్లు అక్కడే ఉండిపోతారు. డాక్టర్ కోసం గంటన్నర డ్రైవ్ చేయాలి.

నాకు వింతగా అనిపించేది ఇంకోటి. ఆస్తులు, ఆసుపత్రులు అన్నీ ఉన్న దేశంలో 13 శాతం, మన దేశంలో 2.2 శాతమా? మనవాళ్లు అంత గట్టివాళ్లా?

---

ఫిజియో_లత

సుబ్బుగారూ, గట్టివాళ్లం కాదండీ, అడిగే పద్ధతి వేరు. మీ దగ్గర "వినడంలో బాగా ఇబ్బంది ఉందా, మెట్లెక్కడంలో, గుర్తుపెట్టుకోవడంలో, స్నానం చేయడంలో, ఒంటరిగా బయటికి వెళ్లడంలో ఇబ్బంది ఉందా" అని పని పేరు చెప్పి అడుగుతారు. మన దగ్గర "వైకల్యం ఉందా" అని ముద్ర పేరు చెప్పి అడుగుతారు. ఐక్యరాజ్య సమితి కింద వైకల్యం లెక్కల కోసం పనిచేసే వాషింగ్టన్ గ్రూప్ వాళ్ల ఆరు ప్రశ్నలు కూడా పని గురించే ఉంటాయి. వైకల్యం అన్న మాట ఎత్తకుండా అడిగితే స్వరూపగారి నాయనమ్మ నడక, మెట్ల ప్రశ్న దగ్గరే లెక్కలోకొచ్చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రపంచ జనాభాలో 16 శాతం అంది. మన 2.2 పక్కన అది పెడితే ఎంతమంది బయట ఉండిపోయారో చూడండి.

నేను ప్రకాశం జిల్లా పడమటి వైపు ఫిజియోథెరపిస్టుని. నా టేబుల్ ముందుకు వచ్చేవాళ్లని బట్టి పల్లె, పట్నం తేడా నాకు రేటులో కాదు, రకంలో కనపడుతుంది.

పల్లెల నుంచి వచ్చేవాళ్లలో పోలియో కాళ్లు ఇంకా ఉన్నాయి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో బెంగాల్‌లో వచ్చింది, కాబట్టి చిన్నపిల్లలెవరూ లేరు. వచ్చేవాళ్లంతా నలభై, యాభై దాటినవాళ్లు. కాలికి ఊతంగా తొడిగే కాలిపర్ అరిగిపోయి, మంచి కాలు కూడా మోకాలు దగ్గర పోయి వస్తారు. అంటే పల్లె రేటులో ఒక ముక్క గతం తాలూకుది. ఆ తరం పోయాక అది తగ్గుతుంది. శుక్లాలు వచ్చి చూపు పోయినవాళ్లు రెండో రకం. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్‌లోనూ, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లోనూ పదివేల మందిని పరీక్ష చేశారు. అంధత్వం 1.84 శాతం తేలింది. అందులో పెద్ద భాగం ఆపరేషన్‌తోనో కళ్లజోడుతోనో పోయేదే. పల్లెలో శుక్లం వైకల్యం అవుతుంది, పట్నంలో అదే శుక్లం శనివారం ఆపరేషన్ అవుతుంది.

పట్నం నుంచి వచ్చేవాళ్లలో పక్షవాతం, రోడ్డు ప్రమాదం, తలకి దెబ్బ. వీళ్లు బతికి బయటపడ్డవాళ్లు. పల్లెలో అదే పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామంది ఆసుపత్రికి చేరేలోపే పోతారు. ఇది చెప్పడానికి బాధగా ఉంటుంది గానీ, వైద్యం బాగున్న చోట కొన్ని రకాల వైకల్యం రేటు పెరుగుతుంది. మీ గైడ్ గారికి ఈ ముక్క చెప్పు నాన్నా. "వైద్యం లేదు కాబట్టి ఎక్కువ" అని ఒక్క వాక్యంలో తేలదు.

మానసిక జబ్బులైతే తిరగబడ్డ లెక్క. నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతానికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. మహానగరాల్లో పల్లెల కంటే ఎక్కువ. 2011 జనగణనలో మానసిక జబ్బు కింద చూపించింది మొత్తం వికలాంగుల్లో 2.7 శాతం. మాస్టారు విన్న ఆ లోపలి గది ఇందులో ఉండాలి.

---

కఠిన_నిజాలు

లతగారూ, మీరే క్యాంపుల్లో ఉంటారు కదా. బోగస్ సర్టిఫికెట్లు లేవంటారా? లేకపోతే 2025లో ఆంధ్రాలో మళ్లీ అందరినీ పరీక్షలకి ఎందుకు పిలిచారు?

---

ఫిజియో_లత

ఉన్నాయి. లేవని నేనెప్పుడూ అనను. 2024లో పెన్షన్ 3,000 నుంచి 6,000 అయ్యింది, మంచానికే పరిమితమైనవాళ్లకి 15,000. అంత డబ్బు ఉన్నచోట దళారీ ఉంటాడు. కానీ రెండో వైపు కూడా చూడండి.

సదరం క్యాంపు రోజు ఎలా ఉంటుందంటే, సచివాలయంలో స్లాట్ దొరకాలి. దొరికిన రోజున తెల్లారే ఆటో మాట్లాడుకుని వస్తారు. ఎముకల డాక్టర్ ఒక రోజు, చెవి ముక్కు గొంతు ఇంకో రోజు, కళ్లు మరో రోజు. చెవికి బెరా టెస్టు (వినికిడి ఎంతుందో కొలిచేది) కావాలంటే పెద్దాసుపత్రికి రాసి పంపిస్తారు. ఒకసారి ఒక తండ్రి పన్నెండేళ్ల పిల్లని భుజాన వేసుకుని వచ్చాడు, బుద్ధిమాంద్యం ఉన్న పాప. చూడాల్సిన డాక్టర్ ఆ రోజు రాలేదు. ఆయన గొడవ చేయలేదు, బిస్కెట్ ప్యాకెట్ కొనిపెట్టి వెనక్కి తీసుకెళ్లాడు. మళ్లీ రాలేదు. ఆ పాపకి సర్టిఫికెట్ లేదు. 2018 సర్వేలో దేశం మొత్తం మీద వికలాంగుల్లో సర్టిఫికెట్ ఉన్నవాళ్లు 28.8 శాతమే అని తేలింది. బోగస్‌వాళ్ల కోసం వెతికేటప్పుడు నూటికి ఈ మిగిలిన 71 మందిని కూడా వెతకాలి కదా.

ఇంకొకటి కూడా గమనించండి. లెక్కల్లో మగవాళ్లు 2.41, ఆడవాళ్లు 2.01. ప్రపంచమంతా ఆడవాళ్లలోనే ఎక్కువ అని తేలుతుంటే మన దగ్గర మాత్రం తక్కువట. మా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ మగవాళ్లే ఎక్కువ. ఆడవాళ్లకి ఇబ్బంది లేక కాదు, తీసుకొచ్చేవాళ్లు లేక.

---

చక్రాల_రాజు

లేటుగా చూశాను ఈ చర్చ. నేను వీల్‌చైర్ మీద ఉంటాను. ఊరు కనిగిరి పక్కన, ఇప్పుడు హైదరాబాద్. డిగ్రీ చదువుతుండగా యాక్సిడెంట్ అయ్యి నడుము దగ్గర వెన్నుపాము దెబ్బతింది.

@పల్నాటి_కుర్రోడు తమ్ముడూ, మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరూ కనపడలేదన్నావు. లిఫ్టు దగ్గరికి పోవడానికి ముందు ఎన్ని మెట్లున్నాయో ఈ రోజు సాయంత్రం చూడు. నేను అద్దెకి వెతికినప్పుడు లిఫ్టు ఉందని చెప్పిన బిల్డింగుల్లో చాలావాటికి గేటు నుంచి లిఫ్టు వరకు మూడో నాలుగో మెట్లు. వాటి పక్కన ర్యాంపు ఉంటే అది బండ్లు ఎక్కించడానికి. అంత నిటారుగా ఉంటే నా కుర్చీ వెనక్కి పడుతుంది. అంటే ఆ బిల్డింగులో నాలాంటివాడు ఉండడు. ఉన్నా బయటికి రాడు. నీకెలా కనపడతాడు?

అయినా నేను సిటీలోనే ఉంటున్నాను. ఊళ్లో మా ఇంట్లో స్నానాల గది పెరట్లో ఉంది. గడప ఎత్తు. వర్షం పడితే చక్రం దిగబడుతుంది. అమ్మా నాన్నా ఎత్తుకోగలిగినంతకాలం గడిచింది. ఇక్కడ ఉద్యోగం ఉంది, ఆన్‌లైన్‌లో మందులు వస్తాయి, మెట్రోలో లిఫ్టు ఉంది. కాథెటర్ (మూత్రం గొట్టం) అయిపోతే ఊళ్లో టెన్షన్, ఇక్కడ మెడికల్ షాపు కింద వీధిలోనే. ఇక్కడ నాతో ఉన్న మిత్రులు నలుగురూ ఇలాగే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. గోపిగారు పట్నంలో 48 శాతం ఎలా పెరిగారని అడిగారు కదా. అందులో మేమూ ఉన్నాం.

ఎదురు దారి కూడా ఉంది. మా ఊరి నుంచి బెంగళూరుకి తాపీ పనికి పోయిన కుర్రాడు మూడో అంతస్తు నుంచి పడి నడవలేని స్థితిలో ఊరికొచ్చాడు. అద్దె కట్టలేడు కాబట్టి రాక తప్పలేదు. అతను పల్లె లెక్కలో ఉంటాడు. కాలు విరిగింది బెంగళూరులో. ఇద్దరం ఒకటే ఊరివాళ్లం, చదువు ఉన్నవాణ్ణి నేను ఇటు, లేనివాడు అటు. 2011లోనే చూడండి, పట్నం వికలాంగుల్లో 67 శాతానికి చదువొచ్చు, పల్లెల్లో 49. పట్నంలో చదువుకున్నారా, చదువుకున్నవాళ్లు పట్నం చేరారా? రెండూ నిజమే.

---

కఠిన_నిజాలు

రాజుగారూ, ఈ వలస సంగతి నేను ఆలోచించలేదు. పల్లెల్లో ఎక్కువ ఉండటానికి మీ తాపీ కుర్రాడి లాంటివాళ్లు కారణమైతే పెన్షన్ వాదన కొంత బలహీనపడుతుంది. కొంతే.

---

చక్రాల_రాజు

కొంత చాలు అన్నా 😀

---

గణాంకాల_గోపి

రాజుగారి మాటకి ఒక సాంకేతిక ముక్క జోడిస్తాను. 2011లో "పట్నం" అన్న డబ్బాలోనే పెద్ద మార్పు వచ్చింది. జనాభా ఐదువేలు దాటి, చదరపు కిలోమీటరుకి 400 మంది ఉండి, పని చేసే మగవాళ్లలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉంటే, పంచాయతీ అయినా సరే దాన్ని సెన్సస్ టౌన్ అంటారు. 2001లో ఇవి దేశంలో 1,362. 2011లో 3,894. అంటే రెండున్నర వేలకు పైగా ఊళ్లు, సర్పంచ్ ఉండగానే, మట్టి రోడ్డు ఉండగానే, లెక్కల్లో పట్నం అయిపోయాయి. వాటిలో ఉన్న పోలియో కాళ్లూ, శుక్లాల కళ్లూ పట్నం ఖాతాలో పడ్డాయి. తేడా తగ్గడంలో దీని వాటా ఎంతో కొంత ఉండి తీరాలి.

వయసు ఇంకో ముక్క. దేశంలో అరవై దాటినవాళ్లలో వైకల్యం దాదాపు 5 శాతం. మొత్తం జనంలో 2.2. పల్లె జనాభాలో అరవై దాటినవాళ్లు 8.8 శాతం, పట్నంలో 8.1. కుర్రాళ్లు ఊరు వదిలి పోయేకొద్దీ ఊరి రేటు దానంతటదే పెరుగుతుంది, ఎవరికీ కొత్తగా ఏమీ కాకపోయినా. కాబట్టి తమ్ముడూ, మొత్తం రేటు పక్కన పెట్టి వయసుల వారీగా పోల్చు.

---

డాలస్_సుబ్బు

అమెరికాలో వయసు సరిచేసి చూసినా పల్లెల్లోనే ఎక్కువ వస్తుంది. తేడా తగ్గుతుంది గానీ పోదు. మనదీ అలాగే తేలుతుందని నా అంచనా.

---

రిటైర్డ్_మాస్టారు

వచ్చే జనగణనకి 2027 మార్చి 1 లెక్క తేదీ అన్నారు. ఈసారి కాగితం ఫారం ఉండదు, ఫోన్‌లో యాప్. పైగా ఇంటివాళ్లే ఆన్‌లైన్‌లో నింపుకునే వీలు కూడా ఇస్తున్నారు. మంచిదే. కానీ నాకొక బెంగ. స్వయంగా నింపుకునేవాళ్లు ఎక్కువగా పట్నాలవాళ్లే అవుతారు. గ్రిల్ వెనక నుంచైనా ఒక మనిషి అడిగేవాడు, ఇప్పుడు అదీ ఉండదు. ఒక టిక్కు "లేదు" మీద పడితే అయిపోతుంది. పల్లెలో మాత్రం మా జూనియర్ టీచర్లు ఫోన్ పట్టుకుని అరుగు దగ్గరికే వెళ్తారు. అప్పుడు తేడా మళ్లీ పెరిగినట్టు కనపడితే, పల్లెల్లో వైకల్యం పెరిగిందని పేపర్లో వార్త వస్తుంది.

---

ఫిజియో_లత

మాస్టారూ, దాచేవాళ్లు మనిషి ముందు దాస్తారు గానీ ఫోన్ ముందు దాస్తారా అని నాకు ఇంకో అనుమానం. ఎదురుగా ఎవరూ లేనప్పుడు ఆ తల్లి "ఉంది" అని నొక్కేదేమో.

---

రిటైర్డ్_మాస్టారు

నొక్కొచ్చునమ్మా. అలా జరిగితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. అయితే ఫోన్ పట్టుకునేది ఆ తల్లా, ఆయనా అన్నది చూడాలి.

---

మర్రిగూడ_స్వరూప

లతక్కా, ప్రశ్న మారుతదా? 2016 చట్టంల ఏడు రకాలను ఇరవై ఒకటి చేసిన్రు కదా. మా నాయనమ్మ ఏ గడిలోకి వస్తది?

---

ఫిజియో_లత

ఇరవై ఒకటిలో ఫ్లోరోసిస్ అని విడిగా గడి లేదు స్వరూపా. కీళ్లు, వెన్ను ఎంత కదులుతున్నాయో కొలిచి కదలిక వైకల్యం కింద వేస్తారు. 40 శాతం దాటితే లాభాలన్నీ వర్తిస్తాయి. మీ నాయనమ్మ మెడ, మోకాళ్ల సంగతి చదివాను. నా అంచనా ఆమెకి రావాలి. మీ దగ్గర స్లాట్ ఎలా తీసుకోవాలో మీసేవలో అడగండి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు ఏమున్నా తీసుకెళ్లండి, కూర్చోలేదు కాబట్టి పొద్దున్నే మొదటి వరసలో ఉండేలా చూసుకోండి. తెలంగాణలో వికలాంగుల పెన్షన్ 4,016 ఉంది.

---

మర్రిగూడ_స్వరూప

ఆమెకు ఆసరా వృద్ధాప్య పెన్షన్ వస్తున్నది అక్కా. రెండూ ఇయ్యరు కదా?

---

ఫిజియో_లత

రెండూ ఇవ్వరు. మార్పించుకోవాలి. సర్టిఫికెట్ చేతికొచ్చాకే మార్పించండి, ముందే పాతది ఆపమని రాయొద్దు.

---

పల్నాటి_కుర్రోడు

అందరికీ చాలా థాంక్స్. ప్రాజెక్టు ప్లాన్ మార్చేశాను. దేశం మొత్తం రేట్లు ఒక్క పేజీలో పెట్టి, మిగతాదంతా ఉమ్మడి నల్లగొండ మీద చేస్తాను. అరవై లోపు, అరవై పైన వేరుగా. కదలిక, చూపు, వినికిడి వేరుగా. పల్లె, పట్నం పక్కపక్కన. గైడ్ గారు ఒప్పుకున్నారు, "రెండు పేజీలు మాత్రం దాటించకు" అన్నారు 😅. రాజన్నా, మా అపార్ట్‌మెంట్‌లో గేటు నుంచి లిఫ్టుకి ఐదు మెట్లు.

గోపన్నా, ఈ వయసుల వారీ లెక్క జిల్లా స్థాయిలో దొరుకుతుందా?

---

గణాంకాల_గోపి

దొరుకుతుంది. జనగణన వెబ్‌సైట్‌లో సీ-20 టేబుల్ చూడు. వైకల్యం రకం, వయసు, ఆడ మగ అన్నీ ఉంటాయి. మొత్తం, గ్రామీణ, పట్టణ అని మూడు వరసలుగా ఇస్తారు. ఒక్క జాగ్రత్త. 2011 నాటికి తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ ఫైల్లోనే వెతకాలి. నల్లగొండ అంటే అప్పటి పెద్ద నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి అందులోనే కలిసి ఉంటాయి. ఇప్పటి జిల్లా జనాభాతో భాగిస్తే రేటు తప్పొస్తుంది. అదే 2011 జనగణనలో ఉన్న అప్పటి జిల్లా జనాభానే వాడు.